ట్రావర్టైన్ వంటింటికి పనికొస్తుందా? ఒక్కో చోటుకూ విడివిడిగా మార్కులు

ట్రావర్టైన్ అనే సున్నపురాతి పలక మీద కోసిన నిమ్మచెక్కను బోర్లించి పదిహేను నిమిషాలు వదిలేయండి. తీసి, కడిగి, తుడిచి, వెలుతురు ఏటవాలుగా పడేలా తల వంచి చూడండి. చెక్క అంచు గుండ్రంగా అచ్చు పడి ఉంటుంది. దాన్ని మరక అనుకుంటారు చాలామంది. మరక అంటే రాయిలోకి ఏదో దిగడం. ఇక్కడ ఏదీ దిగలేదు, రాయే కాస్త కరిగి పోయింది. వేలితో తడిమితే చుట్టుపక్కల నున్నగా ఉండి ఆ వలయం దగ్గర సుద్దముక్కలా గరుగ్గా తగులుతుంది. సీలర్ (రంధ్రాల్లోకి ద్రవం దిగకుండా పూసే మందు) పూసిన పలక మీద ఇదే పరీక్ష చేసినా వలయం పడుతుంది.

ఈ రాయిని వంటింటికి కొనాలా వద్దా అన్నదానికి సగం జవాబు ఆ వలయంలో ఉంది. మిగతా సగం రాయి ఒంటి నిండా ఉన్న రంధ్రాల్లో ఉంది. ఈ రెంటినీ పక్కన పెడితే, చూడ్డానికి ఇంత వెచ్చగా, పాతబడేకొద్దీ అందం పెరిగే రాళ్లు తక్కువే. అందుకే వంటింటి మొత్తానికీ కలిపి ఒక మార్కు ఇవ్వడం కుదరదు. ముందే చెప్పేస్తే: హోన్డ్ (మెరుపు లేని నునుపు) ఫినిష్‌లో నేలకు ఐదుకు నాలుగు. రంధ్రాలు నింపిన పలకలైతే స్టవ్ వెనక గోడకు నాలుగు, నింపనివైతే ఒకటిన్నర. సింకు, స్టవ్ లేని విడి గట్టుకు మూడు. సింకు ఉన్న గట్టుకు రెండు, అదీ మచ్చలు పడినా మనసు కష్టపెట్టుకోనివాళ్లకే. పాలిష్ చేసిన ట్రావర్టైన్‌ను వంటగట్టుకు వేయడం మాత్రం ఎవరు అడిగినా వద్దనే చెప్పాలి.

ఈ రాయి ఇలా ఎందుకు ఉంటుందంటే, అది పుట్టిన తీరు అలాంటిది. నేల లోపల సున్నాన్ని కరిగించుకున్న నీరు ఊటగా పైకి వచ్చాక అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. పోగానే కరిగి ఉన్న కాల్షియం కార్బొనేట్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. తప్పించుకున్న గ్యాసూ, మధ్యలో చిక్కుకుని కుళ్లిపోయిన నాచూ ఆకులూ వదిలిన ఖాళీలే ఈ రంధ్రాలు. రోమ్ పక్కన టివోలీ, టర్కీలో పాముక్కలే ఉన్న డెనిజ్లీ ప్రాంతం ఈ రాయికి పేరున్న చోట్లు. ఇరాన్, మెక్సికో, పెరూ నుంచీ వస్తుంది. రోమ్‌లోని కొలోసియం బయటి గోడ కట్టింది దీనితోనే. 1997లో తెరిచిన లాస్ ఏంజెలిస్ గెట్టీ సెంటర్‌కు 16,000 టన్నుల రాయి టివోలీ దగ్గరి క్వారీ నుంచే వెళ్లింది. రెండు వేల ఏళ్లు నిలిచిన రాయి అని షోరూముల్లో చెప్పేది అబద్ధం కాదు. కానీ కొలోసియం గోడ మీద ఎవరూ టమాటాలు తరగలేదు.

గట్టిదనం చూస్తే ఇది రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో 3 దగ్గర ఉంటుంది. చెప్పులకు అంటుకుని వచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే నేల మీద ఇసుక పడిందంటే రాయి మీద గరకు కాగితం నడుస్తున్నట్టే. గ్రానైట్ వాడిన అలవాటుతో దీన్ని వాడితే నిరాశే మిగులుతుంది. బరువు మాత్రం తక్కువేమీ కాదు: 20 మి.మీ. స్లాబ్ చదరపు మీటరుకు దాదాపు 48 కిలోలు, 30 మి.మీ. అయితే 72 కిలోలు. కింది అల్మరాలు ఆ బరువు మోయగలవో లేదో రాయి ఆర్డరు పెట్టకముందే చూసుకోవాలి.

కొనేటప్పుడు

ముందు కోత సంగతి. రాయి పేరుకున్న పొరలకు అడ్డంగా నిలువునా కోస్తే సమాంతర చారలు వస్తాయి, దాన్ని వెయిన్ కట్ అంటారు. పొరల వెంబడి పడక మీద కోస్తే మబ్బుల్లా చెదిరిన మచ్చలు వస్తాయి, అది క్రాస్ కట్. చారల రాయి ఫొటోల్లో బాగుంటుంది, కానీ పలక విరిగితే సాధారణంగా ఆ చార వెంటే విరుగుతుంది. సన్నటి పొడవాటి ముక్కలు అవసరమైన చోట, అంటే సింకు ముందు మిగిలే పట్టీ, కిటికీ గట్టు లాంటి చోట్ల, చారలు పొడవు వెంబడి వచ్చేలా కోయించాలి. చార ముక్కకు అడ్డంగా పడిందా, ఎత్తేటప్పుడే రెండు ముక్కలవుతుంది. చారలు కలిసేలా వేయాలంటే వృథా కూడా ఎక్కువ. మామూలుగా పది శాతం అదనంగా తెప్పించుకుంటే, వెయిన్ కట్‌కు పదిహేను శాతం పెట్టుకోండి.

తర్వాత రంధ్రాలు. నింపినవి, నింపనివి అని రెండు రకాలు దొరుకుతాయి. నింపిన వాటిలో మళ్లీ నింపింది సిమెంటు ఫిల్లరా, రెసినా (గట్టిపడే ప్లాస్టిక్ జిగురు) అని అడగండి. అమ్మేవాళ్లు చాలాసార్లు ఆ సంగతి ఎత్తరు. సిమెంటు ఫిల్లర్ మసకగా రాయిలో కలిసిపోతుంది, ఎండకు రంగు మారదు, కానీ తొందరగా రాలుతుంది. పాలియెస్టర్ రెసిన్ గట్టిగా పట్టుకుంటుంది, మెరుస్తుంది, కానీ ఎండ పడే చోట పచ్చబడుతుంది, వేడి గిన్నె కింద మెత్తబడుతుంది. కిటికీ పక్క గోడకు సిమెంటు, నడిచే నేలకు రెసిన్ లేదా ఎపాక్సీ మేలు.

పలక చేతిలోకి వచ్చాక వెనక్కి తిప్పి చూడండి. వెనక రంధ్రాలు ఎక్కువుంటే లోపలా అంతే. పై ముఖం ఎంత నున్నగా ఉన్నా, దాని కింద ఒక మిల్లీమీటరు మందాన మిగిలిన పొర, ఆ పొర కింద ఖాళీ ఉండొచ్చు. అలాంటి పొరే కుర్చీ కాలు ఆనినప్పుడు పటుక్కున లోపలికి కూరుకుపోతుంది. వేలి కణుపుతో పలకంతా తట్టుకుంటూ పోతే, గట్టి చోట టక్ టక్ మని, ఖాళీ ఉన్న చోట డొల్ల శబ్దం వస్తుంది. ప్రతి పలకా తట్టడం కుదరకపోయినా, ఒక్కో పెట్టె నుంచి రెండేసి తీసి తట్టితే సరుకు ఎలాంటిదో తెలిసిపోతుంది. వెనక ఫైబర్ జాలీ అంటించి ఉంటే రాయి బలహీనంగా ఉందని క్వారీవాళ్లే ఒప్పుకున్నట్టు. అది తప్పేమీ కాదు. కాకపోతే ఆ రెసిన్ జాలీని మామూలు సిమెంటు జిగురు సరిగా పట్టుకోదు, ఎపాక్సీ జిగురు కావాలి. ఇది తెలియక గోడ టైల్స్ ఏడాదికే ఊడిన ఇళ్లు ఉన్నాయి.

ఫినిష్‌లో ఎంపిక పెద్దగా కష్టం కాదు. వంటింటికి హోన్డ్ తీసుకోండి. మెరుపు లేని నునుపు కాబట్టి ఆమ్లం మచ్చ పడినా కొట్టొచ్చినట్టు కనబడదు, ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. బ్రష్‌తో కాస్త గరుకు చేసిన బ్రష్డ్ నేలకు కాలు జారకుండా బాగుంటుంది కానీ గట్టు మీద తుడవడం విసుగు. అంచులు అరిగినట్టుండే టంబుల్డ్ గోడ మీద చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దాని మీద మళ్లీ చెబుతాం. పాలిష్ గురించి ముందే చెప్పేశాం.

నాణ్యతకు ఒక కొలత కావాలంటే అమెరికాలో రాయికి పెట్టిన ఏఎస్‌టీఎం సీ1527 ప్రమాణం చూడండి. అందులో ట్రావర్టైన్ నీటిని పీల్చుకునే శాతం 2.5 దాటకూడదు. పరీక్ష పత్రం అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అసలు ఆ పేరు వినగానే దుకాణదారు ముఖంలో వచ్చే మార్పే సగం సమాచారం.

ట్రావర్టైన్ ముద్ర వేసిన పోర్సిలిన్ టైల్స్‌తో పోలిక ఎలాగూ వస్తుంది. నిజమే, వాటికి సీలర్ అక్కర్లేదు, నిమ్మకాయకు బెదరవు. పది పలకలు పక్కపక్కన పరిస్తే అదే మచ్చ మళ్లీ మళ్లీ కనబడటం, అంచు చిట్లితే లోపల వేరే రంగు బయటపడటం వాటి లోపాలు. రాయి చిట్లితే లోపలా రాయే. సింకు చుట్టూ మాత్రం పోర్సిలిన్‌దే గెలుపు, మొహమాటం లేదు.

వంటగట్టు: రెండు మార్కులే ఎందుకు

నిమ్మరసం పీహెచ్ (7 కన్నా ఎంత తక్కువైతే అంత ఘాటు ఆమ్లం) 2 నుంచి 2.5 మధ్య. వెనిగర్ కూడా అక్కడక్కడే. వైన్ 3.5 దగ్గర, టమాటా 4 దాటి. ఇవన్నీ కాల్షియం కార్బొనేట్‌ను కరిగించేవే. తేడా అల్లా ఎంతసేపట్లో అన్నదే. నిమ్మరసం చుక్కకు ఒకటి రెండు నిమిషాలు చాలు. టమాటా ముక్క భోజనం అయ్యేదాకా ఉంటే అచ్చు పడుతుంది. సీలర్ చేసే పని రంధ్రాల్లోకి ద్రవం దిగకుండా ఆపడం. ఆమ్లం పనిచేసేది పైముఖం మీద. రెండూ వేర్వేరు చోట్లు కాబట్టి ఎంత ఖరీదైన సీలరైనా ఆమ్లాన్ని ఆపదు. "మా సీలర్ వేస్తే నిమ్మకాయ కూడా ఏం చేయదు" అన్నవాళ్లకు ఒక పలక, ఒక నిమ్మచెక్క ఇచ్చి పావుగంట కూర్చోమనండి.

సింకు దగ్గర ఇంకో ఇబ్బంది, ఎవరూ ముందు చెప్పనిది. నీళ్లలో సున్నం ఎక్కువుంటే కుళాయి మొదట్లో తెల్లటి ఉప్పుపొర కడుతుంది. ఆ పొర కూడా కాల్షియం కార్బొనేటే, రాయీ కాల్షియం కార్బొనేటే. పొరను కరిగించే ఏ మందైనా రాయినీ కరిగిస్తుంది. గ్రానైట్ గట్టు మీద స్ప్రే కొట్టి తుడిచేసేవాళ్లు ఇక్కడ ఆ పని చేస్తే కుళాయి చుట్టూ గుంట పడుతుంది. ఇక్కడ చేయగలిగింది రోజూ రాత్రి కుళాయి మొదలు పొడిగుడ్డతో తుడవడం, అయినా కడితే కొత్త బ్లేడును రాయికి దాదాపు పడుకోబెట్టి, మెల్లగా గీకడం. బాగా తడి గుడ్డతో పది నిమిషాలు నానబెట్టి గీకితే కాస్త తేలిక.

సింకు కోతలో మూలలు నలుచదరంగా ఉండకూడదు. పదునైన మూల నుంచే పగులు మొదలవుతుంది. కనీసం 10 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పించాలి. కోసిన అంచులో కొత్త రంధ్రాలు బయటపడతాయి, వాటిని నింపి, సాన పట్టి, సీలర్ వేశాకే సింకు బిగించాలి. తర్వాత చేద్దామంటే చేయి పట్టదు. గట్టు అల్మరా దాటి ముందుకు వేలాడే చోట, రాతి గట్లకు సాధారణంగా చెప్పే లెక్క 20 మి.మీ. స్లాబ్‌కు 15 సెం.మీ., 30 మి.మీ.కి 25 సెం.మీ. ట్రావర్టైన్‌కు అందులో మూడింట రెండు వంతులు దాటితే కింద ఇనుప ఆధారం పెట్టించండి. ఎవరో ఒకరు దాని మీద ఎక్కి కూర్చోక మానరు.

పొయ్యి మీంచి దించిన గిన్నెను నేరుగా పెట్టొద్దు. రాయి వేడికి తట్టుకుంటుంది కానీ, ఒక్కచోటే హఠాత్తుగా వేడెక్కితే రెసిన్ ఫిల్లర్ మెత్తబడి లేస్తుంది, సన్న పగుళ్లు ఉంటే తెరుచుకుంటాయి. మందపాటి చెక్కో, గుడ్డ మడతో పెట్టాలి.

ఇంతా చెప్పాక, విడి గట్టుకు మూడు మార్కులు ఎందుకంటే, అక్కడ నీళ్లు లేవు, ఉప్పుపొర లేదు. తరగడానికి పెద్ద చెక్క పలక ఒకటి పర్మనెంటుగా దాని మీదే ఉంచేస్తే ఆమ్లం గొడవ చాలావరకు తీరుతుంది. పిండి వత్తడానికి రాయి చల్లగా బాగుంటుంది, కాకపోతే నింపని రంధ్రాల్లో పిండి ఇరుక్కుంటుంది కనక అక్కడ నింపినదే వేయాలి.

స్టవ్ వెనక గోడ

టంబుల్డ్ పలకలు, 10 సెం.మీ. చదరాలు, రంధ్రాలు తెరిచి ఉన్నవి. కేటలాగు ఫొటోలన్నీ ఇవే. నూనె ఆవిరి ముందు రంధ్రం అంచున జిగటగా పేరుకుంటుంది, దాని మీద దుమ్ము, మళ్లీ నూనె. ఆరు నెలలకు ప్రతి రంధ్రం ఒక గోధుమరంగు చుక్క అవుతుంది. టూత్‌బ్రష్‌తో ఒక్కో రంధ్రం తోమడానికి సిద్ధపడితేనే అవి కొనండి. ఆ అరిగిన అంచుల అందమే కావాలంటే టంబుల్డ్ తీసుకుని, రాయి రంగు గ్రౌటుతోనే (పలకల సందులు పూడ్చే ముద్ద) రంధ్రాలూ నింపించేయొచ్చు. అందం కాస్త తగ్గుతుంది, తుడవడం పది రెట్లు సులువవుతుంది. పొయ్యికి ఎదురుగా ఉన్న వెడల్పు వరకు నింపి, మిగతా గోడ తెరిచి వదిలేయడం మధ్యేమార్గం. గోడ మొత్తం పొడవునా నింపే రంగు మాత్రం ఒకే డబ్బాది కావాలి, డబ్బా మారితే ఛాయ మారుతుంది.

వేయించేటప్పుడు మేస్త్రీ దగ్గర నిలబడి చూడాల్సినవి

జిగురు తెల్లదే వాడాలి, పాలిమర్ కలిపిన సిమెంటు జిగురు. లేతరంగు ట్రావర్టైన్ కింద బూడిదరంగు జిగురు పెడితే తడి పైకి చిమ్మి, ఆరాక కూడా పలక మధ్యలో నీడలా కనబడుతుంది. డబ్బాలో రెడీగా వచ్చే పేస్టు జిగురు వద్దు, అందులోని నూనెలు రాయిని మరకలు చేస్తాయి. పళ్ల తాపీతో నేల మీద ఒకే దిశలో గీతలు గీసి, పలక వెనక కూడా పలచగా జిగురు పూసి రంధ్రాలు మూసేయాలి. ఐదు చుక్కలు పెట్టి అతికించే పద్ధతి ఈ రాయికి చావు దెబ్బ, ఎందుకంటే కింద ఆధారం లేని చోటే పైపొర కూలుతుంది. మొదట వేసిన రెండు మూడు పలకల్ని వెంటనే ఊడదీయించి వెనక చూడండి. నీళ్లు పడే చోట జిగురు కనీసం 95 శాతం అంటి ఉండాలి.

చెక్క దూలాల మీద నేల అయితే కుంగుదల లెక్క వేయించాలి. రాతి నేలకు దూలం పొడవులో 720వ వంతు మించి కుంగకూడదు, అంటే 4 మీటర్ల దూలానికి ఐదున్నర మిల్లీమీటర్లు. సిరామిక్‌కు సరిపోయిన నేల దీనికి సరిపోకపోవచ్చు. కాంక్రీటు నేల అయితే పూర్తిగా ఆరి ఉండాలి, పాత పగుళ్లుంటే వాటి మీద పగులు ఆపే పొర వేశాకే రాయి.

పలకల్ని నాలుగైదు పెట్టెల్లోంచి కలిపి, జిగురు లేకుండా ఒకసారి నేల మీద పరిచి చూస్తే ఛాయలు సర్దుకోవచ్చు. ఒక పెట్టె అయ్యాక ఇంకో పెట్టె తెరిస్తే నేల మీద మరకలా అతుకు కనబడుతుంది.

గ్రౌటుకు ముందు ఒక కోటు సీలర్ తప్పనిసరి. లేకపోతే గ్రౌటు రంగు రాయి చిన్నచిన్న గుంటల్లో చేరి మిరియాలు చల్లినట్టు అవుతుంది. అందుకే గ్రౌటు రంగు కూడా రాయికి దగ్గరగా ఉండేదే మంచిది. సందు 3 మి.మీ. లోపు అయితే ఇసుక లేని గ్రౌటు. నింపని రాయికి ఎపాక్సీ గ్రౌటు జోలికి పోవద్దు, రంధ్రంలోకి వెళ్లి గట్టిపడితే ఇక ఉలితో తప్ప రాదు.

గోడ, గట్టు కలిసే మూలలో గ్రౌటు కాదు, సిలికాన్ రావాలి. ఏ సిలికాన్ అన్నది ముఖ్యం. పూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం గట్టిపడుతూ అసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాయిని అంచు పొడవునా తింటుంది. ఆ ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ రకం, అందులోనూ రాయికి మరక చేయదని రాసి ఉన్నది తెప్పించండి. పది నిమిషాల పని, కానీ సందుకు ఇరువైపులా నల్లటి నూనె చార కట్టిన గట్లు చూస్తే చాలావరకు తప్పు సిలికాన్‌దే.

సీలర్

లోపలికి ఇంకే రకం కావాలి. పైన పొరలా కట్టే వార్నిష్ రకం నాలుగు రోజులు మెరిసి, తర్వాత గీతలు పడి, కింద తడి చిక్కుకుని తెల్లబడి లేస్తుంది, తీయాలంటే ఘాటు స్ట్రిప్పర్ కావాలి. రంగు ముదురు చేసే ఎన్‌హాన్సర్ కూడా జాగ్రత్తగా వాడాలి. రాయి ముదురుతుంది, ఫిల్లర్ అంతగా ముదరదు, నేలంతా చుక్కలు తేలతాయి. మిగిలిపోయిన ముక్క మీద పూసి, ఒక రోజు ఆగి చూశాకే నిర్ణయం.

పూసే తీరు ఇది. గ్రౌటు వేశాక కనీసం మూడు రోజులు ఆగాలి, రాయి పూర్తిగా పొడిగా ఉండాలి. చదరపు మీటరు మేర మాత్రమే పూసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. రంధ్రాల చుట్టూ త్వరగా పీల్చుకుంటుంది, అక్కడ ఇంకాస్త పూయాలి. తర్వాత మిగులు ఒక్క చుక్క లేకుండా పొడిగుడ్డతో తుడిచేయాలి. పని చెడేది ఇక్కడే. పైన మిగిలినది ఆరితే జిగటగా, మబ్బుగా మిగిలిపోతుంది. అలా అయితే అదే సీలర్ మళ్లీ కాస్త పూసి, కరిగిన వెంటనే రుద్ది తీసేయడమే మందు. రెండో కోటు డబ్బా మీద చెప్పిన విరామం తర్వాత. ఆ తర్వాత ఒక రోజంతా నీళ్లు తగలకూడదు.

మళ్లీ ఎప్పుడు వేయాలన్నదానికి తేదీలు పెట్టుకోవడం వృథా. రూపాయి బిళ్లంత నీటిబొట్లు నాలుగు చోట్ల వేసి పది నిమిషాలు ఆగండి: సింకు పక్కన, స్టవ్ పక్కన, నడిచే దారిలో, ఎవరూ తాకని మూలలో. తుడిచాక కింద ముదురు మచ్చ కనబడితే అక్కడ సీలర్ అయిపోయినట్టు. బొట్టు ఫిల్లర్ మీద కాకుండా రాయి మీద పడేలా చూసుకోండి, రెసిన్ ఎప్పుడూ పీల్చదు కనక పరీక్ష తప్పుగా పాసవుతుంది. మామూలు వాడకంలో గట్టుకు ఏడాదికోసారి అవసరం పడొచ్చు, నేలకు అంతకన్నా ఆలస్యంగా.

రోజువారీ తుడవడం

పీహెచ్ 7 ఉన్న రాతి క్లీనర్, మైక్రోఫైబర్ గుడ్డ, మళ్లీ మంచినీళ్లతో తుడిచి పొడిగుడ్డ. అంతకుమించి ఏమీ లేదు. వెనిగర్, నిమ్మ, బాత్రూమ్ ఆమ్లం, ఉప్పుపొర పోగొట్టే స్ప్రేలు రాయిని తింటాయి. బ్లీచ్, అమ్మోనియా సీలర్‌ను తింటాయి. గరకు పొడులు గీతలు పెడతాయి. గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క అప్పుడప్పుడూ ఫర్వాలేదు కానీ రోజూ వాడితే పొర కట్టి రాయి మసకబారుతుంది, దాన్ని చూసి పాలిష్ పోయిందని జనం కంగారు పడతారు. నేల తుడిచే ముందు ఊడవడం మాత్రం తప్పించకూడదు, ఇసుక మీద తడిగుడ్డ లాగితే అదే సానపట్టడం.

చెడితే

నూనె మరక ముదురు మచ్చలా, అంచులు చెదిరినట్టు ఉంటుంది. వంటసోడా లేదా తెల్ల కేయోలిన్ (బంకమట్టి) పొడిని అసిటోన్‌తో వెన్నలా ముద్ద చేసి, మరక కన్నా రెండు సెం.మీ. ఎక్కువ మేర, 6 మి.మీ. మందాన పెట్టాలి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులు టేపు వేసి 24 గంటలు. ప్లాస్టిక్ తీశాక పూర్తిగా ఆరనివ్వాలి. మరకను పైకి లాగేది ఆ ఆరడమే కాబట్టి తడిగా ఉండగా తీసేస్తే శ్రమంతా నీళ్లపాలు. ఆరాక ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి. ఒకసారికి సగమే పోతే మళ్లీ పెట్టండి. అసిటోన్ మంటకు అంటుకుంటుంది, పొయ్యి ఆర్పి కిటికీ తెరిచి చేయాలి. రెసిన్ ఫిల్లర్‌ను కూడా అది మెత్తబరుస్తుంది కనక ముందు మూలలో పరీక్షించాలి. కాఫీ, టీ, పసుపు లాంటి రంగు మరకలకు అసిటోన్ బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపండి. ముదురు గోధుమరంగు రాయి మీద అది రంగు లాగేయొచ్చు. ఇనుప డబ్బా వదిలిన తుప్పు మచ్చకు రాయికని అమ్మే తుప్పు ముద్ద ఉంటుంది. మామూలు తుప్పు ద్రావణాలన్నీ ఆమ్లాలే, దగ్గరికి రానివ్వొద్దు.

ఆమ్లం మచ్చకు ఈ ముద్దలేవీ పనిచేయవు. హోన్డ్ రాయి అయితే 400 నంబరు నీటి గరకు కాగితమో, డైమండ్ చేతి ప్యాడో తీసుకుని, తడిపి, మచ్చ చుట్టూ పాతిక సెం.మీ. వెడల్పున తేలిగ్గా గుండ్రంగా రుద్దాలి. మచ్చ మీదే రుద్దితే గుంట పడుతుంది. వేలికి గరుకు ఇంకా తగిలితే 220తో మొదలుపెట్టి 320, 400కి రావాలి. మధ్యమధ్య పూర్తిగా ఆరబెట్టి చూడండి, తడిగా ఉన్నప్పుడు ఏ మచ్చా కనబడదు. చివర ఆ మేరకు సీలర్. పాలిష్ రాయికి ఆక్జాలిక్ ఆమ్లం, అల్యూమినియం ఆక్సైడ్ ఉన్న పాలరాతి పాలిషింగ్ పొడి ఉంటుంది, తడి ఫెల్ట్ ముక్కతో రుద్దితే పైపై మసక పోతుంది. లోతుగా పడితే యంత్రం ఉన్నవాళ్లను పిలవాల్సిందే.

నేలలో పొర కూలి రంధ్రం తెరుచుకుంటే, ముందు దాని అంచుల్ని మేకు మొనతో చిదిపి డొల్లంతా బయటపెట్టండి. పైపైన నింపితే నెల తిరక్కుండా మళ్లీ కూలుతుంది. వాక్యూమ్ పెట్టి దుమ్ము లాగి, అసిటోన్ గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. చుట్టూ టేపు అంటించి, రాయి రంగు కలిపిన గట్టి పాలియెస్టర్ ఫిల్లర్‌ను గట్టిపడే మందుతో కలిపి నొక్కి నింపాలి. ఆ మందు రెండు శాతం చుట్టూ చాలు, త్వరగా ఆరుతుందని ఎక్కువ వేస్తే పచ్చబడి పెళుసవుతుంది. కాస్త ఉబ్బుగా వదిలి, గట్టిపడ్డాక కొత్త బ్లేడుతో చెక్కి, 400 కాగితంతో సమం చేయాలి. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించి ఉంటే ఈ పని సగానికి సగం తగ్గుతుంది.

రంగు ఎలా కలిపారో, ఫిల్లర్ డబ్బా మీది ఛాయ నంబరేమిటో, గ్రౌటూ సీలరూ ఏవో ఒక కాగితం మీద రాసి, మిగిలిన నాలుగైదు పలకలతో పాటు అటక మీద పెట్టేయండి. ఐదేళ్లకు అదే క్వారీ నుంచి తెప్పించిన రాయైనా ఛాయ కలవదు.